జర్మనీలో మన డ్రైవింగ్ లైసెన్సు మార్చుకోవడం: నా అనుభవం

ఎర్లాంగెన్‌లో మాకు ఇల్లు ఊరికి ఒక చివర దొరికింది, పాపకు కిండర్‌గార్టెన్‌లో సీటు ఇంకో చివర దొరికింది. బస్సులు మారి వెళ్తే నలభై నిమిషాలు, కారులో అయితే పన్నెండు. కాకినాడలో ఎనిమిదేళ్లు కారు నడిపినదాన్ని. హైదరాబాద్ ట్రాఫిక్‌లో కూడా నడిపాను. బయల్దేరే ముందు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకున్నాను. దాని మీద ఏడాది గడువు రాసి ఉంది కాబట్టి, ఏడాది దాకా ఢోకా లేదనుకున్నాను.

అది తప్పని చెప్పింది నూరెంబర్గ్‌లో ఉండే ఒక తెలుగు అక్క. 2023 సంక్రాంతికి వాళ్లింట్లో భోజనాలకు వెళ్లాం. నేను కారు తాళాలు బల్ల మీద పెట్టగానే, "మీరు వచ్చి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగింది. "సెప్టెంబర్‌లో వచ్చాం అక్కా" అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టి, "అయితే నీకు మార్చి దాకానే. ఆ తర్వాత ఒక్క రోజు నడిపినా లైసెన్సు లేకుండా నడిపినట్టే" అంది.

అక్క చెప్పింది అక్షరాలా నిజం. జర్మనీలో కాపురం పెట్టిన రోజు నుంచి 6 నెలలే మన ఇండియా లైసెన్సు చెల్లుతుంది. ఇంటర్నేషనల్ పర్మిట్ మన లైసెన్సుకు అనువాదం లాంటిదే, గడువును పెంచేది కాదు. ఆరు నెలలు దాటాక నడపడం చలానాతో పోయే తప్పు కాదు, అది ఇక్కడ క్రిమినల్ నేరం. వీసా మీద బతికేవాళ్లం, అలాంటి కేసు మన పేరు మీద ఉండకూడదు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఈ మధ్యే జర్మనీ వచ్చి ఉంటే, ముందు మీ అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం తీసి తేదీ చూసుకోండి. మిగతాది తర్వాత చదవచ్చు.

కొన్ని దేశాల వాళ్లకు, ఉదాహరణకు జపాన్, దక్షిణ కొరియా వాళ్లకు, పరీక్ష లేకుండానే లైసెన్సు మార్చి ఇస్తారు. ఆ జాబితాలో మన దేశం లేదు. మనం రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసవ్వాలి. కానీ మనకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు 14 థియరీ క్లాసులకు కూర్చోవాలి, హైవే, ఊరి బయట, రాత్రి పూట కలిపి 12 ప్రత్యేక డ్రైవింగ్ క్లాసులు తప్పనిసరిగా తీసుకోవాలి. చెల్లుబాటయ్యే లైసెన్సు చేతిలో ఉండి, దాన్ని మార్చుకునేవాళ్లకు ఇవేవీ తప్పనిసరి కాదు. ఈ మార్చుకోవడాన్నే ఇక్కడ ఉమ్‌ష్రైబుంగ్ అంటారు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, వందల యూరోలు మిగులుతాయి.

ఎందుకు చెప్తున్నానంటే, నేను మొదట వెళ్లిన డ్రైవింగ్ స్కూల్లో అన్ని క్లాసులూ తీసుకోవాల్సిందే అన్నారు. కాగితం కూడా ముందు పెట్టారు. నాకు జర్మన్ అంతంతమాత్రం, సంతకం పెట్టేసేదాన్నే. మా ఆయన ఫోన్‌లో లైసెన్సు ఆఫీసు వాళ్ల పేజీ తీసి చూపిస్తే అప్పుడు వెనక్కి తగ్గారు. అక్కడి నుంచి లేచి వచ్చేశాం. అలాగని స్కూలే అక్కర్లేదనుకోవద్దు. డ్రైవింగ్ పరీక్ష స్కూలు కారులోనే, పక్కన వాళ్ల టీచర్ ఉండగానే జరుగుతుంది. ఉమ్‌ష్రైబుంగ్ వాళ్లను చేర్చుకుంటారా, ఒక్కో క్లాసుకు ఎంత, పరీక్షకు తీసుకెళ్లడానికి ఎంత అని ముందే అడిగి, రాసి ఇమ్మనండి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాస్‌పోర్టు, అడ్రస్ రిజిస్ట్రేషన్, బయోమెట్రిక్ ఫోటో, కళ్లద్దాల షాపులో చేయించుకున్న చూపు పరీక్ష, ఫస్ట్ ఎయిడ్ కోర్సు సర్టిఫికెట్, మన ఒరిజినల్ లైసెన్సు, దాని జర్మన్ అనువాదం. మన కార్డు ఇంగ్లిష్‌లోనే ఉంది కదా అంటే ఒప్పుకోలేదు, ఏడీఏసీ (ADAC) అనే ఇక్కడి ఆటోమొబైల్ క్లబ్‌లో అనువాదం చేయించి ఇచ్చాను. అన్నీ ఇచ్చాక ఆఫీసు నుంచి అనుమతి రావడానికి నాకు ఎనిమిది వారాలు పట్టింది. మార్చి అలా దాటిపోయింది, నేను మళ్లీ బస్సెక్కాను. వచ్చిన మొదటి నెలలోనే అప్లై చేసి ఉంటే చలిలో పాపను పట్టుకుని బస్టాపులో నిలబడే పని ఉండేది కాదు.

ఫస్ట్ ఎయిడ్ కోర్సు ఒక శనివారమంతా. నేను దాన్ని మొక్కుబడి అనుకుని వెళ్లాను. కానీ స్పృహ తప్పిన మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గుండె మీద ఎంత బలంగా నొక్కాలో బొమ్మ మీద నొక్కి చూడటం నా చేతులకు ఇప్పటికీ గుర్తుంది. మన దగ్గర కూడా ప్రతి లైసెన్సుకూ ఇది పెడితే ఎన్ని ప్రాణాలు నిలబడతాయో అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

రాత పరీక్ష కంప్యూటర్ మీద. ఇంగ్లిష్‌లో రాయొచ్చు. 30 ప్రశ్నలు, ప్రతిదానికీ 2 నుంచి 5 దాకా తప్పు పాయింట్లు. 10 పాయింట్లు దాటితే ఫెయిల్. అయిదు పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే మొత్తం పదే అయినా ఫెయిలే. ప్రశ్నల బ్యాంకులో వెయ్యికి పైనే ఉన్నాయి. "ఎనిమిదేళ్లు నడిపాను, ఇంగితంతో రాసేస్తా" అనుకుంటే కుదరదు. బ్రేకు లెక్కలు అడుగుతారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉంటే మనం తేరుకునేలోపు బండి 15 మీటర్లు పోతుంది, బ్రేకు తొక్కాక ఇంకో 25, మొత్తం 40 మీటర్లు. వేగాన్ని పదితో భాగించి మూడుతో గుణిస్తే మొదటిది, పదితో భాగించి దాన్ని దానితోనే గుణిస్తే రెండోది. ఈ లెక్క నేర్చుకున్నాకే ముందు బండికి ఎంత దూరంలో ఉండాలో నాకు నిజంగా అర్థమైంది. వీడియో ప్రశ్నల్లో వీడియోను 5 సార్లు చూడనిస్తారు, మొహమాటపడకుండా అయిదు సార్లూ చూడండి. యాప్‌లో రోజుకు గంట చొప్పున నెల రోజులు చేస్తే సరిపోయింది.

ఇక అసలు కష్టం డ్రైవింగ్‌ది. రెండో స్కూల్లో టీచర్ అరవై దాటిన పెద్దాయన. మొదటి క్లాసులో గేరు మార్చబోతే నా ఎడమ చెయ్యి వెళ్లి డోరుకు తగిలింది. ఇండికేటర్ వేస్తే వైపర్లు తిరిగాయి. మన బళ్లలో ఇండికేటర్ కుడి చేతి కింద, ఇక్కడ ఎడమ చేతి కింద. ఇవి మూడు నాలుగు క్లాసుల్లో సర్దుకుంటాయి. క్లాసు అయ్యాక ఆయన, "బండి మీద నీకు పట్టు ఉంది. కానీ నువ్వు చూడటం లేదు" అన్నారు. నేను చూస్తూనే ఉన్నాను. కానీ మనం చూసేది ముందుకు. మిగతాదంతా హారనే చెప్తుంది. వెనక వాడు హారన్ కొడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇక్కడ ఊళ్లో హారన్ ప్రమాదం వస్తేనే కొట్టాలి. పక్కన ఎవరున్నారో చెవికి తెలియదు, మెడ తిప్పి చూసుకోవాలి.

దీన్ని షుల్టర్‌బ్లిక్ అంటారు, భుజం మీదుగా చూడటం. ఎర్లాంగెన్ సైకిళ్ల ఊరు. మనం కుడి పక్కకు తిరుగుతుంటే, మన కుడి వైపే సైకిల్ మీద ఒక పిల్లాడు నేరుగా వెళ్తుంటాడు. ముందు వెళ్లే హక్కు వాడిది. లోపలి అద్దంలో కనపడడు, పక్క అద్దంలో కొన్ని క్షణాలు మాయమవుతాడు, భుజం మీదుగా చూస్తేనే కనపడతాడు. ఒక రోజు టీచర్ బండి ఆపించి, కిందికి దిగి, నా కారు కుడి వెనక మూల పక్కన నిలబడ్డారు. అద్దాల్లో చూడమన్నారు. ఆరడుగుల మనిషి ఏ అద్దంలోనూ లేడు. మెడ తిప్పితే ఉన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి మలుపులోనూ "అద్దం, అద్దం, భుజం" అని తెలుగులో పైకే అనుకుంటూ నడిపాను. మీరూ అలా అనుకోండి. పైగా పరీక్షలో కళ్లు మాత్రమే తిప్పితే వెనక సీట్లో కూర్చున్న పరీక్షాధికారికి తెలియదు, తల తిరగడం ఆయనకు కనపడాలి.

రెండోది, రెష్ట్స్ ఫోర్ లింక్స్. సిగ్నలు, బోర్డు ఏమీ లేని కూడలిలో కుడి పక్క నుంచి వచ్చేవాళ్లు ముందు వెళ్లాలి. మనది పెద్ద రోడ్డులా, వాళ్లది సందులా కనిపించినా సరే. మన ఊళ్లలో పెద్ద రోడ్డు మీద వెళ్లేవాడిదే దారి, సందులోంచి వచ్చేవాడే ఆగుతాడు. అది మన చేతుల్లో, కాళ్లలో ఇంకిపోయి ఉంటుంది. 30 వేగం ఉన్న కాలనీ వీధుల్లో ప్రతి సందు దగ్గరా వేగం తగ్గించి కుడి పక్కకు చూడాలి.

నేను మొదటిసారి ఫెయిలయింది అక్కడే. పరీక్ష 55 నిమిషాలు. ముప్పావు గంట బాగానే గడిచింది, పార్కింగ్ అయింది, సడన్ బ్రేకు అయింది. టెన్షన్ తగ్గి, ఇక అయిపోయినట్టే అనుకున్నాను. కాలనీలో కుడి పక్క చిన్న సందులోంచి ఒక తెల్ల కారు ముక్కు బయటపెట్టింది. నా కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేవలేదు. టీచర్ తన వైపున్న బ్రేకు తొక్కారు. ఆయన బ్రేకు తొక్కితే పరీక్ష ముగిసినట్టే. పరీక్షాధికారి చాలా మర్యాదగా, ఎక్కడ తప్పు జరిగిందో వివరించి చెప్పారు. ఆయన చెప్పింది న్యాయమే. అయినా ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చాను. డబ్బు పోయిందని కాదు, ఎనిమిదేళ్లు యాక్సిడెంట్ లేకుండా నడిపినదాన్ని కదా అని.

మళ్లీ రాయాలంటే కనీసం రెండు వారాలు ఆగాలి. ఆ రోజుల్లో సాయంత్రాలు పాపను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని అవే కాలనీ వీధుల్లో తిరిగాను. ప్రతి సందు దగ్గరా ఎవరు ముందు వెళ్లాలో పాపకు చెప్పేదాన్ని. మూడో రోజుకు పాపే నాకు చెప్పడం మొదలుపెట్టింది. ఇంకో రెండు క్లాసులు హైవే మీద తీసుకున్నాను. హైవే ఎక్కే దారిలో మనవాళ్లు చివరికొచ్చి ఆగిపోతారు, నేనూ అలాగే ఆగాను. అక్కడ ఆగకూడదు. ఆ దారి ఉన్నది వేగం పెంచుకుని, లోపలి బళ్ల వేగానికి దగ్గరగా వచ్చి, బళ్ల మధ్య ఖాళీ చూసి కలవడానికి. అక్కడా చివర్లో భుజం మీదుగా చూడాల్సిందే.

డ్రైవింగ్ పరీక్ష జర్మన్‌లోనే జరుగుతుంది. భయపడకండి, కావాల్సింది ఇరవై ముప్పై మాటలు. ఎడమ, కుడి, నేరుగా, తర్వాతి కూడలి, బండి ఆపండి, పార్క్ చేయండి, వెనక్కి తిరగండి. మొదట్లో బండి గురించి కూడా అడగొచ్చు, లైట్లు, టైర్ల గాడి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, ఇలాంటివి. క్లాసుల్లో టీచర్‌ను ఇంగ్లిష్ మాట్లాడనివ్వకండి, మొదటి నుంచీ జర్మన్‌లోనే చెప్పమనండి. ఏదైనా అర్థం కాకపోతే "బిట్టె నోఖ్ మాల్" (దయచేసి ఇంకోసారి) అని అడగొచ్చు, తప్పు పట్టరు.

రెండోసారి పాసయ్యాను. మొత్తం పద్నాలుగు క్లాసులు, రెండు పరీక్షలు, కాగితాలు అన్నీ కలిపి రెండు వేల యూరోలకు కాస్త తక్కువ అయింది. పాసయ్యానని చెప్పగానే నూరెంబర్గ్ అక్క, "అమ్మయ్య, ఇక ఉగాదికి నువ్వే నడుపుకుంటూ రా" అంది.

జర్మన్ కార్డు తీసుకోవాలంటే మన కార్డు అక్కడ ఇచ్చేయాలి. ఇది నాకు తెలుసు, అయినా ఆఫీసులో కౌంటర్ ముందు నిలబడ్డాక చెయ్యి ఆగింది. పద్దెనిమిదేళ్లప్పుడు నాన్న స్కూటర్ మీద ఆర్‌టీఓ ఆఫీసుకు తీసుకెళ్లి తీయించిన ఫోటో అది, రెండు జడలతో. ముందు రోజే రెండు వైపులా రంగు జిరాక్స్ తీసి పెట్టుకున్నాను, మీరూ తీసి పెట్టుకోండి. కౌంటర్‌లో ఉన్నావిడ కార్డు తీసుకుని, ఫోటో వైపు, నా వైపు ఒకసారి చూసి నవ్వి, కొత్త కార్డు నా ముందుకు జరిపింది. బయటికొచ్చి కారెక్కి, అద్దం, అద్దం, భుజం చూసుకుని, పాపను తీసుకురావడానికి బయల్దేరాను.