మా అవ్వ కూడా పోయిందంట

మా హైస్కూల్లో సోషల్‌కి నేనొక్కడినే. ఒక పాఠం ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే అడగడానికి పక్కన ఇంకో సోషల్ టీచర్ లేరు. అందుకే చుట్టుపక్కల బడుల టీచర్లమంతా కలిసే కాంప్లెక్స్ సమావేశమంటే నాకు ప్రాణం.

మొన్న ఒక మేడమ్ సారా వ్యతిరేక ఉద్యమం పాఠం తానెలా చెప్పారో వివరించారు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న ఉద్యమం అది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఇవన్నీ నేనూ బోర్డు మీద రాస్తాను. ఆవిడ మాత్రం ముందు పిల్లల్ని ఆ ఉద్యమం గురించి ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రమ్మన్నారు. ఒక పాప నోట్‌బుక్ మా అందరికీ చూపించారు. పెన్సిల్‌తో, వంకర అక్షరాల్లో: "మా అవ్వ కూడా పోయిందంట. తాత రెండు రోజులు మాట్లాడలేదంట." హాలంతా కాసేపు ఆ పేజీ చుట్టూనే మూగింది.

ఇలాంటి గంట ప్రతి సమావేశంలోనూ దొరకాలి. ఫారాలు, యాప్‌ల గురించి ఫోన్లో చెప్పినా సరిపోతుంది.

వచ్చేసారి నా వంతు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి కోట. అటువైపు పనిచేసే సార్లు, మేడమ్‌లు కొండదారి ఫొటోలుంటే పంపండి, పిల్లలతో మ్యాప్ గీయించాలి.