పాకినట్టుంది

హిమోగ్లోబిన్ 6.8 అని చూపించింది మా ల్యాబ్ మెషీనే. మెషీను మీద అనుమానపడి ఇంకో ట్యూబుతో మళ్లీ పెట్టించాను. 6.7. మెట్లెక్కితే ఆయాసం, పచ్చి బియ్యం నమలాలనిపించడం, గోళ్లు గుంటలు పడడం, అన్నీ ఉన్నాయి. నెలకి ఎనిమిది రోజుల బ్లీడింగ్, అదీ గడ్డలు గడ్డలుగా. నలభై ఆరేళ్లకి ఇది మామూలేలే అని సరిపెట్టుకున్నాను. నేను చేసే పనేమో అవతలివాళ్ల గర్భసంచి ముక్కల్ని మైనంలో పోసి, మైక్రోటోమ్ మీద నాలుగు మైక్రాన్ల మందాన కోసి, స్లైడు చేసి పెథాలజిస్టు మేడమ్ ముందు పెట్టడం. పంతొమ్మిదేళ్ల సర్వీసు.

రావులపాలెంలో మేం చూపించుకునే డాక్టరు గారు ఒక పట్టు పట్టారు. "బ్లీడింగ్ వల్లే అని తేల్చేయకండి. రక్తం కిందే పోతోందా, పొట్టలో కూడా పోతోందా చూడాలి" అని స్కానింగూ రాశారు, ఎండోస్కోపీ రాశారు. స్కానింగులో గర్భసంచి పదహారు వారాల గర్భమున్నంత సైజుంది, వెనక గోడలో 9.2 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్, అంటే కండరంలో కట్టిన గడ్డ. ఎండోస్కోపీలో రక్తం కారే చోటేదీ దొరకలేదు గానీ, అన్నవాహికలో, పళ్ల నుంచి 32 సెంటీమీటర్ల లోతున, ఒక బొడిపె కనిపించింది. పైన పొర నున్నగా, పుండు లేకుండా ఉంది.

ఆ ఎండోస్కోపీ చేసిన కుర్ర డాక్టరుకి నేను రుణపడి ఉన్నాను. పక్కన నర్సు బయాప్సీ ఫోర్సెప్స్ అందించబోతే వద్దన్నాడు. బొడిపె పొర కింద ఉన్నప్పుడు పైనుంచి గిల్లితే వచ్చేది మంచి పొర ముక్కే, గడ్డ ముక్క రాదు. పైగా గిల్లినచోట మచ్చకట్టి పొర గడ్డకి అతుక్కుంటుంది. రేపు సర్జను ఆ గడ్డని వలిచి తీయాల్సివస్తే పొర చిరిగి అన్నవాహికకి చిల్లు పడే ప్రమాదం. పనసతొన పై పొర చిట్లకుండా గింజ తీయడం లాంటిదనుకోండి. ఎవరికైనా ఎండోస్కోపీలో "సబ్‌మ్యూకోజల్ లీజన్" అని రాసి, బయాప్సీ తీయలేదంటే డాక్టరుకి చేతకాలేదని అనుకోవద్దు.

ఒళ్లు మండిన సంగతి ఆ తర్వాతిది. ఆపరేషన్ ముందు స్కానింగ్ ఇంకోసారి కావాలంటే వేరే సెంటర్‌కి వెళ్లాం. అక్కడాయన నా ఎండోస్కోపీ కాగితం తిప్పి చూసి, ప్రోబు పొట్ట మీంచి తియ్యకుండానే, నాతో కాదు, పక్కన టైపు చేస్తున్న అమ్మాయితో అన్నాడు: "పైనా ఉంది, కిందా ఉంది. పాకినట్టుంది." తర్వాత నాకు రెండు టిష్యూ కాగితాలిచ్చి తుడుచుకోమన్నాడు.

ఆ రాత్రి గోదావరికి వరద. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, లంకల్లోంచి గేదెల్ని గట్టు మీదకి తోలుకొస్తున్నారు, కరెంటు లేదు. మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని గుక్క గుక్కా మింగుతూ కూర్చున్నాను, ఎక్కడైనా అడ్డం పడుతోందా అని. మొదటి చెంబుకి ఏమీ తెలియలేదు. రెండో చెంబు సగానికి వచ్చేసరికి రొమ్మెముక వెనకాల ఏదో తగిలినట్టుంది. మూడో చెంబుకి ఖాయమైపోయింది. మా ఆయన లేచి "దాహమా?" అంటే అవునన్నాను. నా గడ్డ పద్దెనిమిది మిల్లీమీటర్లు. అయిదు సెంటీమీటర్ల లోపువి చాలామందిలో మింగుడుకి అడ్డమే రావని తర్వాత తెలిసింది గానీ, ఆ రాత్రి చెప్పేవాళ్లు ఎవరున్నారు? ముక్కలు కుళ్లకుండా పోసే ఫార్మలిన్ వాసన పీల్చి బతికేదాన్ని, "స్పిండిల్ సెల్" (కదురు ఆకారపు కణం) అన్న మాట వెనక ఎన్ని రకాల గడ్డలున్నాయో నాకు తెలుసు. ఒక్కోదాన్నీ పేరుపేరునా తలుచుకున్నాను.

పొద్దున్నే డ్యూటీకి పోయి కాగితాలు మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ చదివి, "రెండూ ఒకే జాతివి కావచ్చమ్మా, అంతమాత్రాన ఒకదాన్నుంచి ఒకటి వచ్చిందని కాదు" అన్నారు. నున్నటి కండరం గర్భసంచిలోనే కాదు, అన్నవాహిక నుంచి మలద్వారం దాకా పేగు గోడల్లో, మూత్రాశయంలో, రక్తనాళాల్లో, చర్మం మీద వెంట్రుకని నిక్కబొడిచే చిన్న కండరంలో కూడా ఉంటుంది. ఎక్కడుంటే అక్కడ దానికి గడ్డ కట్టొచ్చు. పేరు అన్నిచోట్లా లియోమయోమానే, గర్భసంచిలోదాన్ని ఫైబ్రాయిడ్ అంటాం. గర్భసంచి సార్కోమా, అంటే కండరం క్యాన్సర్, పాకితే ముందు ఊపిరితిత్తులకి పోతుంది, అన్నవాహిక గోడలో నున్నటి బొడిపెగా ఒక్కటే వచ్చి కూర్చోవడం చాలా అరుదు.

పేరు ఒకటే అయినా, ఏ అవయవంలో ఉందన్నదాన్ని బట్టి దేన్ని అనుమానించాలో మారుతుంది. స్కానింగ్ సెంటరాయనకి తట్టనిది ఇదే. అన్నవాహికలో ఇలాంటి గట్టి బొడిపె కనిపిస్తే లియోమయోమా కావడానికే ఎక్కువ అవకాశం. అక్కడి మంచి (క్యాన్సర్ కాని) గడ్డల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అదే. ఒక్క జానెడు కిందకి, జీర్ణాశయంలోకి దిగితే లెక్క తిరగబడుతుంది. అక్కడ జిస్ట్ (అదే గోడలో పుట్టే, క్యాన్సర్‌గా మారగల వేరే జాతి గడ్డ) ఎక్కువ, లియోమయోమా తక్కువ. మామూలు గులాబీ, ఊదా రంగుల స్లైడులో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. 1998లో జపాన్ పరిశోధకులు జిస్ట్‌లో కిట్ అనే జన్యువు మార్పు కనిపెట్టేదాకా చాలా జిస్ట్‌లకి లియోమయోమా అనే పేరు పెట్టి పంపేసేవారు. అందుకని పాతకాలపు "జీర్ణాశయ లియోమయోమా" రిపోర్టు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే దాన్ని అలాగే నమ్మొద్దు. మూత్రాశయంలో వస్తే ఒంటికి పోయడానికి అడ్డం పడొచ్చు, కొందరికి ఏమీ తెలియదు. కాలి మీద రక్తనాళం గోడలోంచి వచ్చేది బఠాణీ గింజంతే ఉండి ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పెట్టొచ్చు.

విశాఖలో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయించుకున్నాం. గొట్టం చివర ప్రోబు ఉంటుంది, అన్నవాహిక గోడ అయిదు పొరలుగా తెల్ల చార, నల్ల చార మార్చి మార్చి కనిపిస్తుంది. నాలుగోది, నల్లది, అసలు కండరం పొర. నాది అందులోంచే వచ్చింది, నల్లగా, ఒకే తీరుగా, అంచు శుభ్రంగా. మూడో పొరలో తెల్లగా ఉంటే కొవ్వుగడ్డ అనేవారు. నాలుగో పొర అనగానే లియోమయోమానా, జిస్టా అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. రెండు సెంటీమీటర్ల లోపుది, ఇబ్బంది లేనిదైతే సూది పెట్టకుండా కనిపెట్టుకుని ఉండొచ్చు. నా విషయంలో కిందా గడ్డ ఉంది, పైగా నేను మూడు చెంబుల నీళ్లు తాగిన మనిషిని. సూదితో ముక్క తీసి, దాన్ని మా ల్యాబ్‌కే పంపించమన్నాను.

కణం ఏ జాతిదో తేల్చే రంగులు వచ్చిన రోజు మరో భయం. డెస్మిన్, స్మూత్ మజిల్ యాక్టిన్ రెండూ గోధుమరంగులో నిండుగా పట్టాయి, అంటే కండరం. డాగ్‌1 జిస్ట్‌కి పట్టే రంగు, అది పట్టలేదు. నరానికి పట్టే ఎస్100 లేదు. కానీ సీడీ117 స్లైడులో అక్కడక్కడా గోధుమ చుక్కలున్నాయి. సీడీ117 పట్టిందంటే జిస్ట్ అని మాకు ఏ పూటన్నా నిద్రలేపి అడిగినా చెప్తాం. నా చెయ్యి చల్లబడిపోయింది. మేడమ్ నలభై లెన్స్ తిప్పి నవ్వారు. "గడ్డ కణాలకి పట్టలేదు, చూడు. మధ్యలో గుండ్రంగా ఒంటరిగా ఉన్నవి మాస్ట్ కణాలు, ఒంట్లో అందరికీ ఉండేవే. వాటికి పట్టాలి. పట్టకపోతే రంగే పనిచెయ్యలేదని అర్థం." అరగింజ వడ్లంత ముక్కలో ఏ కణానికి పట్టిందో చూడకుండా "పాజిటివ్" అని టిక్కు పెట్టి పంపేవాళ్లు ఉంటారు. అలాంటి రిపోర్టుతో మనిషి ఏళ్లతరబడి జిస్ట్‌కిచ్చే ఇమాటినిబ్ మాత్రలు మింగాల్సిరావచ్చు.

పై గడ్డ లియోమయోమా అని తేలింది. ఇక కింద.

రక్తం పట్టించడం గురించి త్వరగా చెప్పేస్తాను. బరువు 58 కిలోలు, 6.8 నుంచి 13కి చేరాలి. 58ని 6.2తో, దాన్ని 2.4తో హెచ్చించి, నిల్వకి 500 కలిపితే 1363 మిల్లీగ్రాముల ఐరన్. ఐరన్ సుక్రోజ్ 200 మిల్లీగ్రాములు వంద మిల్లీలీటర్ల సెలైన్లో కలిపి రోజు విడిచి రోజు, ఏడు డోసులు. బ్లీడింగ్ ఆగడానికి మాత్రలు వేరే. నెల తిరిగేసరికి 10.4. బీట్‌రూట్ రసం తాగమన్న చుట్టాలందరికీ ఈ లెక్క వాట్సాప్‌లో పెట్టాను, ఎవరూ చదవలేదు.

ఎమ్మారైలో ఫైబ్రాయిడ్ టీ2 అనే రకం బొమ్మ మీద నల్లగా, అంచు తేటగా ఉంది. మామూలు ఫైబ్రాయిడ్ అలాగే ఉండాలి. తెల్లగా, అంచు చెదిరి, లోపల రక్తం ఉంటే సార్కోమా అనుమానం. ముట్లు ఆగిపోయాక పెరిగే గడ్డనీ అలాగే అనుమానించాలి. "ముట్లు ఆగితే అదే కరిగిపోద్ది" అని నాకు చెప్పిన పెద్దమ్మలు ఇది గుర్తుపెట్టుకోవాలి. కీహోల్‌లో గడ్డని లోపలే తురిమి తీసే పద్ధతి నాకు వద్దన్నాను. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకునేవాళ్లలో సుమారు 350 మందికి ఒకరిలో తెలియని సార్కోమా ఉంటుందని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. లెక్క చెప్పి, ఆ తురిమే యంత్రం మీద హెచ్చరిక ఇచ్చింది. తురిమితే ఆ ఒక్కరికి కడుపంతా చల్లినట్టే. మంచి గడ్డయినా ముక్కలు మిగిలి పొట్టలో వేరే చోట వేళ్లూనుకున్న కేసులున్నాయి. పొట్ట కోసే గర్భసంచి మొత్తంగా తీశారు, అండాశయాలు ఉంచారు. "ఎలాగూ కోస్తున్నారు, అవీ తీయించేయవే" అన్న మా వదినకి అవి తీసేస్తే ఎముకలకీ గుండెకీ వచ్చే నష్టం చెప్పే ఓపిక అప్పుడు లేకపోయింది.

ఆపరేషన్ బాగా చేశారు, అందులో మాట లేదు. కోపమల్లా తర్వాత వచ్చిన సీసా మీద. ఇన్నేళ్లుగా చూస్తున్నాను: మూతి సన్నటి సీసాలో గర్భసంచిని కుక్కి, పైన సెలైన్ పోసి, రబ్బరు బ్యాండు వేసి బస్సులో పంపుతారు. సెలైన్లో మాంసం కుళ్లుతుంది. మెత్తగా ఉన్నప్పుడు లోపలికి పోయిన గడ్డ, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక బయటికి రాదు, సీసా పగలగొట్టాలి. ఇది తెలుసు గనక నా డబ్బా నేనే తీసుకెళ్లాను. అయిదు లీటర్ల వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా. లీటరుకి వంద మిల్లీలీటర్ల ఫార్మలిన్, తొమ్మిది వందలు డిస్టిల్డ్ వాటర్, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ముక్క ఎంతుంటే దానికి పదింతలు ద్రవం ఉండాలి. మా తమ్ముడు డబ్బా పట్టుకుని థియేటర్ బయట నిలబడ్డాడు. అయినా లోపలివాళ్లు అలవాటుకొద్దీ సెలైన్ సీసాయే తెచ్చారు! వాడు గొడవపెట్టుకుని మార్పించాడు.

ఎందుకంత పట్టుదల అంటే, ఫార్మలిన్ గంటకి మిల్లీమీటరు లెక్కన కూడా కష్టంగా లోపలికి పోతుంది. తొమ్మిది సెంటీమీటర్ల గడ్డని కోయకుండా వేస్తే నడిమధ్య చచ్చిన మాంసమవుతుంది. సార్కోమా తేల్చేది మూడింటిని బట్టి: కణాల వికారం, విభజన సంఖ్య, గడ్డ తనకు తానుగా చచ్చిన భాగం. కుళ్లిన మాంసంలో విభజన బొమ్మలు చెరిగిపోయి తక్కువ కనిపిస్తాయి, కుళ్లు చూసి నెక్రోసిస్ అని పొరబడే వీలుంది. అందుకే సర్జను గారిని బతిమాలి, గర్భసంచిని ముందువైపు నుంచి తెరిపించి, గడ్డకీ గాటు పెట్టించి మరీ డబ్బాలో వేయించాను.

నా ముక్కల్ని నేను కోయలేదు, మా జూనియర్ కోశాడు. గడ్డ మీద కత్తి పడగానే కోసిన ముఖం ఉబ్బి పైకి లేచింది, తెల్లగా, కొబ్బరి పీచుతాడు చుట్టచుట్టి అడ్డంగా కోసినట్టు సుడులు. పసుపు మచ్చ, మెత్తటి చోటు, రక్తం కనిపించలేదు. సెంటీమీటరుకో చీలిక వేసి, తేడాగా అనిపించిన ప్రతి చోటునుంచీ ముక్క తీశారు. స్లైడు మాత్రం చూశాను. కండరం పాయలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, అల్లిన జడలా పోతున్నాయి. కేంద్రకాలు రెండు వైపులా మొండిగా, లంక పొగాకు చుట్టల్లా ఉన్నాయి. మైక్రోస్కోపులో పది ఫీల్డులు (ఒక్కోసారి కంటికి కనిపించే వలయాలు) వెతికితే ఒక్క విభజన. అంటే కిందదీ మంచి గడ్డే.

అక్కచెల్లెళ్లలో చాలామందికి చిన్నవయసులోనే ఫైబ్రాయిడ్లుండి, చేతుల మీదో వీపు మీదో చలికి సలిపే చిన్న గుల్లలుంటే మాత్రం చర్మం డాక్టరుకి చూపించి, ఎఫ్.హెచ్. జన్యువు గురించి అడగండి. ఆ ఇళ్లలో కిడ్నీ క్యాన్సర్ త్వరగా వస్తుంది, ఏటా కిడ్నీలు చూపించుకోవాలి. ఇంకొకటి. గర్భసంచి తీసిన ఎన్నో ఏళ్లకి ఛాతీ ఎక్స్‌రేలో చిన్న చిన్న మచ్చలు కనిపించే అరుదైన స్థితి ఒకటుంది, మంచి ఫైబ్రాయిడే ఊపిరితిత్తులకి చేరడం. అప్పుడు పాత మైనం బ్లాకులతో పోల్చి చూస్తేగానీ తేలదు. కాబట్టి రిపోర్టు కాగితంతో తృప్తిపడకుండా బ్లాకు నంబరు రాసి ఉంచుకోండి.

అత్తయ్యగారు వాడపల్లి వెంకన్నకి నా తరఫున ఏడు శనివారాలు మొక్కారు. కుట్లు మానగానే మొదలుపెట్టాం, కట్ట మీద ఆటోలో, ప్రతి గతుకుకీ పొట్ట పట్టుకుని. డెస్మిన్ పట్టించింది స్వామేనని ఆవిడ నమ్మకం. నేను కాదనలేదు. 

మొన్న ఏడాది తిరిగాక మళ్లీ విశాఖ వెళ్లాను. అదే నాలుగో పొర, అదే పద్దెనిమిది మిల్లీమీటర్లు.