రెండో గడి

మధ్యాహ్నం ఆరిన బట్టలు మడత పెడుతుంటే అమ్మాయి నేల మీద చార్ట్ పరుచుకుని కూర్చుంది. ఏ దేశంలో ఆడవాళ్లకు ఓటు ఎప్పుడొచ్చిందో రాయాలట. న్యూజిలాండ్ 1893, ఆస్ట్రేలియా 1902, అమెరికా 1920, దక్షిణాఫ్రికా 1930. ఆ చివరి అంకె చూసి నా చెయ్యి ఆగిపోయింది.

“అది తెల్లవాళ్లకే తల్లీ.”

“అదేంటమ్మా?”

చెప్పాను. ఆ ఏడాది అక్కడ ఓటొచ్చింది తెల్ల స్త్రీలకు మాత్రమే. అప్పటికి కేప్ ప్రాంతంలో కొద్దిమంది నల్లజాతి మగవాళ్లకు ఓటుండేది. తెల్లవాళ్ల ఓట్లు ఒక్కసారిగా పెరిగేసరికి ఆ కాస్త బలమూ పలచబడిపోయింది. ఒకరికిచ్చిన హక్కుతోనే ఇంకొకరి నోరు నొక్కారు. తలచుకున్నప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది. నల్లజాతి స్త్రీలకు దేశ ఎన్నికల్లో ఓటు దక్కింది 1994లో.

ఆస్ట్రేలియాలో ఆదివాసీలందరికీ దేశ ఎన్నికల్లో ఓటు 1962లో. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలకు 1920 చాలావరకు కాగితం మీదే మిగిలింది, 1965 ఓటు హక్కు చట్టం దాకా. చార్టులో న్యూజిలాండ్ అంకె మాత్రం నిలబడింది, మావోరీ స్త్రీలకూ అప్పుడే వచ్చింది కాబట్టి.

“అయితే ఓటు కోసం ఆడవాళ్లు చేసిన పోరాటం అంతా అబద్ధమా?” అంది, ముఖం చిన్నబుచ్చుకుని.

కాదని గట్టిగానే అన్నాను. 1913లో వాషింగ్టన్‌లో ఓటు కోసం స్త్రీలు ఊరేగింపు తీశారు. నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్‌ను తన రాష్ట్రం ఇల్లినాయి వాళ్లతో కాకుండా వెనక నల్లజాతి స్త్రీలతో నడవమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఊరేగింపు సాగుతుండగా జనంలోంచి వచ్చి ఇల్లినాయి బృందంలో కలిసి నడిచింది. ఆ ఉద్యమం ఆమెది కూడా. నేను దాన్ని వదులుకోలేనిది ఆమె వల్లే.

లార్డ్ క్రోమర్ సంగతి మాత్రం అమ్మాయికి చెప్పలేదు, చెబితే కోపం ఆపుకోలేనని. 1883 నుంచి 1907 దాకా ఈజిప్టులో బ్రిటిష్ పెత్తనం ఆయనదే. ముసుగు వల్లే అక్కడి స్త్రీలు వెనకబడ్డారన్నాడు. ఆ స్త్రీల దేశంలోనే బడి ఫీజులు పెంచాడు. ఇంగ్లాండు తిరిగి వెళ్లాక ఆడవాళ్లకు ఓటు వద్దనే సంఘానికి అధ్యక్షుడయ్యాడు! పరాయి దేశపు స్త్రీల మీద పొంగిన జాలి సొంత దేశపు స్త్రీల దగ్గరికొచ్చేసరికి ఏమైందో. స్త్రీవాదం అంటే తెల్లవాళ్ల సరుకని జనం అనుమానించారంటే ఇలాంటివాళ్లూ ఒక కారణం. ఆ అనుమానాన్ని ఇంట్లో ఎవరూ ఎదురు ప్రశ్న వేయకుండా మగవాళ్లూ బాగానే వాడుకున్నారు. రెండు వైపులా నలిగింది ఆ స్త్రీలే.

రాత్రి అమ్మాయి చార్ట్ వెనక్కి తిప్పి మళ్లీ గీతలు గీసింది, ఈసారి దేశానికి రెండేసి గడులు. నన్ను స్కేలు కదలకుండా పట్టుకోమంది. కెనడా కూడా చేర్చింది, 1918.

“దీనికి రెండోది ఎంతమ్మా?”

“1960. తమ ఆదివాసీ హోదా వదులుకోకుండా ఓటేసే హక్కు అక్కడి స్త్రీలకు అప్పుడొచ్చింది.”

“అదంతా గడిలో పట్టదు,” అని చార్ట్ కింద అంచు దాకా రాసుకుంటూ పోయింది.