పత్రికకు డబ్బు పెట్టినవారు

కువైట్‌లో తొమ్మిదేళ్లు ఇంటిపని చేసి రాజోలుకు తిరిగి వచ్చిన మా పిన్ని, గాజు గిన్నెలు పగలకుండా చుట్టి తెచ్చిన కాగితాల మధ్య ఒక పాత పత్రిక దొరికింది. మన పుస్తకాలకు వెనక అట్ట ఉండేచోట దానికి ముఖచిత్రం ఉంది. “మా బాబా నెలనెలా కొనేవాడురా, అల్ అరబీ అంటారు” అని చెప్పింది. బాబా అంటే ఆమె పనిచేసిన ఇంటి యజమాని. ఆ రోజు నుంచి అరబ్బుల సాంస్కృతిక పత్రికల గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

అల్ అరబీ తొలి సంచిక 1958 డిసెంబరులో వెలువడింది. కువైట్‌కు అప్పటికింకా స్వాతంత్ర్యం రాలేదు, అక్కడి బజారులో చెల్లుతున్నది మన రూపాయే. అంత చిన్న రాజ్యం తన చమురు రాబడిలో కొంత వెచ్చించి, ఈజిప్టు నుంచి అహ్మద్ జకీ అనే రసాయన శాస్త్రవేత్తను సంపాదకుడిగా పిలిపించుకొని, అరబ్బు దేశాలన్నిటా సామాన్యుడు కొనగలిగే ధరకు పత్రికను అందించింది. పోషకుడు ప్రభుత్వమేనన్నది అందరికీ తెలిసిన సంగతి.

అంతకుముందు ఈ రంగానికి కేంద్రం కైరో. అహ్మద్ హసన్ అల్ జయ్యాత్ 1933లో స్థాపించిన అర్ రిసాలా 1953లో ఆగిపోయింది. అదే ఏడాది జనవరిలో బేరూత్‌లో సుహైల్ ఇద్రీస్ అల్ ఆదాబ్‌ను ప్రారంభించాడు. రచయిత తన కాలపు పోరాటాలకు బాధ్యుడై ఉండాలన్నది దాని పట్టు. 1957లో యూసుఫ్ అల్ ఖాల్ ప్రారంభించిన షిఅర్ కవిత్వానికే అంకితమై, వచన కవితకు చోటిచ్చి, ఆ పట్టుకు ఎదురు నిలిచింది. అల్ ఆదాబ్‌ను మాత్రం ఇద్రీస్ కుటుంబమే 2012 వరకు అచ్చులో నిలబెట్టింది. ఆ ఓర్పుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

పత్రిక వెనుక ఉన్న డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. 1924లో భారతిని స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం మీద వచ్చిన సొమ్మును పత్రికలకు ధారపోశారని మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. తెలిసి చదవడం వేరు, తెలియక చదవడం వేరు.

బేరూత్‌లోనే 1962లో పాలస్తీనా కవి తౌఫీక్ సాయిగ్ సంపాదకత్వంలో హివార్ మొదలైంది. దానికి డబ్బు పెట్టినది, మన బొంబాయిలోని క్వెస్ట్ పత్రికను కూడా పోషించిన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడం అనే అంతర్జాతీయ సాంస్కృతిక సంస్థ. కైరో రచయిత యూసుఫ్ ఇద్రీస్ హివార్ ఇవ్వబోయిన బహుమతిని 1965లో తిరస్కరించాడు. మరుసటి ఏప్రిల్‌లో ఆ సంస్థ వెనుక అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఉందని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 1967లో హివార్ మూతపడింది. సాయిగ్ 1971లో అమెరికాలో కన్నుమూశాడు.

ఆ డబ్బును నేను సమర్థించను, దాచిపెట్టి ఇచ్చిన డబ్బు పాఠకుడికి జరిగిన ద్రోహమే. అయినా సూడాన్ రచయిత తయ్యిబ్ సాలిహ్ రాసిన, అరబిక్ నవలల్లో అగ్రశ్రేణిలో నిలిచే నవల 1966లో అచ్చయింది ఆ హివార్ పుటల్లోనే. అలాంటి రచనను గుర్తుపట్టి అచ్చువేసిన సంపాదకుడి చూపును మాత్రం ఆ ద్రోహం ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పడం లేదు.