పావుగంట పాఠాలతో ఇంటి చదువు: నా అనుభవం

పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నామంటే హైదరాబాద్‌లో అందరూ ముందు అడిగేది, "రోజుకి ఎన్ని గంటలు కూర్చోబెడతారు?" అని. గంటల లెక్క పక్కన పెట్టాకే మా ఇంట్లో చదువు కుదురుగా సాగింది. ఆరేడేళ్ల వాళ్లకి 10 నుంచి 15 నిమిషాలు, తొమ్మిది పదేళ్ల వాళ్లకి 20. అంతకు మించి ఒక పాఠం నడపను.

ఇందులో అసలు కష్టం పాఠాన్ని ముక్కలు చేయడంలోనే ఉంది. పేజీల లెక్కన కోస్తే పనికిరాదు. పిల్లలు ఎక్కడ తడబడతారో అక్కడ కోయాలి. భిన్నాల కూడికే తీసుకోండి. మొదటి రోజు హారాలు ఒకటే అయినవి: 2/7 + 3/7. లవాలు కలుపుతాం, హారం ముట్టుకోం. చాలామంది పిల్లలు 5/14 అని రాసేది ఇక్కడే, కాబట్టి ఈ ఒక్క సంగతికే ఒక పాఠం. రెండో రోజు అసలు కూడికే ఉండదు, కాగితం మడతపెట్టడమే. 1/2, 2/4, 4/8 ఒకే భాగమని చేత్తో తెలియాలి. మూడో రోజు 1/3 + 1/6, అంటే ఒక హారం ఇంకోదానికి గుణిజం. ఆ తర్వాతే 1/3 + 1/4. మధ్య మెట్లు దాటేసి నేరుగా క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) నేర్పితే లెక్క చేసేస్తారు గానీ, ఆ 12 ఎక్కణ్నుంచి వచ్చిందంటే చెప్పలేరు.

తెలుగు వత్తులూ అంతే. గ, డ, ద లాంటివి తలకట్టు తీసేస్తే వత్తులైపోతాయి, అవి ఒకే పాఠంలో రెండు మూడు చెప్పొచ్చు. త, న, మ, య, ర, ల వత్తులకి రూపమే మారిపోతుంది. వీటిని రోజుకొకటి చొప్పున, ఐదారు మాటలు రాయించి ఆపేయాలి.

పావుగంటలో మొదటి 3 నిమిషాలు నిన్నటి పాఠం మీద ప్రశ్నలు, పుస్తకం మూసే. తర్వాత 7 నిమిషాలు కొత్త విషయం. చివరి 5 నిమిషాలు పూర్తిగా పిల్లలవి: సొంత మాటల్లో చెప్పడమో, రాయడమో, బొమ్మ గీయడమో. తొందరలో మనం మింగేసేది ఈ చివరి 5 నిమిషాలనే, పాఠం నిలవకపోవడానికి కారణం కూడా అదే. సమయం అయిపోతే సగంలోనైనా ఆపుతాను. పూర్తి కాలేదంటే ముక్క పెద్దదైందని అర్థం, రేపటికి ఇంకా చిన్నది చేయాలి. కత్తెర, కాగితాలు, స్కేలు ముందురోజు రాత్రే బల్ల మీద పెట్టుకోవాలి. వెతుకులాటకే 5 నిమిషాలు పోతే పాఠంలో మూడో వంతు పోయినట్టే.

రాసే పాఠాలు వెంటవెంటనే రెండు పెడితే చెయ్యి నొప్పి పుడుతుంది. లెక్కల తర్వాత ఒక పద్యం, ఆ తర్వాత కొలతలు. మధ్యలో 10 నిమిషాల విరామానికి మొక్కలకి నీళ్లు పోయడమో, మెట్లెక్కి దిగడమో చాలు. ఫోన్ మాత్రం ఇవ్వను. వీడియో మొదలైతే పదో నిమిషానికి ఆగదు, తర్వాతి పాఠం ఏడుపుతో మొదలవుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో లెక్కలు పొద్దున 9 లోపే ముగించాలి.

చిన్న పాఠాలు తొందరగా మరుపుకొస్తాయి కూడా. అందుకు మూడు మిఠాయి డబ్బాలు పెట్టుకున్నాం. ప్రశ్న ఒక వైపు, జవాబు రెండో వైపు రాసిన చీటీలు వాటిలో ఉంటాయి. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీస్తాం. జవాబు సరైతే చీటీ తర్వాతి డబ్బాకి, తప్పైతే మళ్లీ మొదటి దానికి. రోజుకి 10 చీటీలు దాటకూడదు.

కథలు, ప్రయోగాలు, మ్యూజియంలు ఈ కొలతలో ఇమడవు, ఇమడ్చకూడదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్తే (శుక్రవారం సెలవు) గంట కొట్టే గడియారం దగ్గర పిల్లలు ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడనివ్వండి.

ఎన్‌ఐఓఎస్‌ (జాతీయ ఓపెన్ స్కూల్)లోనో తెలంగాణ ఓపెన్ స్కూల్‌లోనో పదో తరగతి రాయించాలంటే 14 ఏళ్లు నిండాలి. అక్కడ గంటల తరబడి కదలకుండా రాయాలి, పావుగంట పాఠాలు ఆ ఓపిక నేర్పవు. కాబట్టి ఏడాది ముందు నుంచే వారానికోసారి రాతకి కూర్చోబెట్టి 40 నిమిషాలు, గంట, గంటన్నర అంటూ పెంచాలి. ఆఖరి రెండు నెలలు పాత ప్రశ్నపత్రాన్ని పూర్తి సమయం పెట్టి రాయించాలి. రోజువారీ పాఠాలు మాత్రం అప్పుడు కూడా చిన్నవిగానే ఉండాలి.