ధ్యానం క్లాసులో కుర్చీ అడిగితే

చేరడం తేలికే. పేరు, ఫోన్ నంబర్ రాసుకున్నారు, వాట్సాప్ గ్రూపులో కలిపారు, వదులుగా ఉండే బట్టలు వేసుకుని రమ్మన్నారు. నేర్పింది కూడా రెండు ముక్కలే. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టాలి, మనసు పక్కకు పోతే మళ్లీ శ్వాస దగ్గరికి తెచ్చుకోవాలి. రాత్రిళ్లు నిద్రపట్టక, పగలు ప్రతిదానికీ టెన్షన్ పడే నాకు ఇది చాలనిపించింది.

గొడవంతా కూర్చోవడం దగ్గరే వచ్చింది. నా మోకాళ్లు పూర్తిగా ముడుచుకోవు. కుర్చీ ఏమైనా దొరుకుతుందా అని అక్కడి వాలంటీర్‌ని మెల్లగానే అడిగాను. ఆయన హాలంతా వినబడేలా "ధ్యానానికొచ్చి కుర్చీ ఏంటండీ, సినిమాకొచ్చారా?" అన్నారు. జనం నవ్వారు. ఇక నోరు మూసుకుని నేల మీదే కూర్చున్నాను.

కాసేపటికి శ్వాస సంగతి గాలికి పోయింది. ధ్యాసంతా ఎడమ కాలి మీదే. మొదట చురచురలు, ఆ తర్వాత కాలు ఉందో లేదో కూడా తెలియలేదు. గంట కొట్టాక లేవబోయి ముందు వరసలోని పెద్దావిడ మీద తూలిపడ్డాను. ఆవిడ పాపం "పర్లేదు బాబూ" అన్నారు. వాలంటీర్ గారేమో "శక్తి కదులుతోంది, మంచి సూచన" అన్నారు. శక్తీ లేదు గిక్తీ లేదు. కాలి నరం మీద ఒత్తిడి పడితే తిమ్మిరెక్కుతుంది, అంతే. బస్సులో కాలు మడిచి కూర్చున్నా ఎక్కుతుంది.

అక్కడితో వదిలారా? అనుభవాలు చెప్పమంటూ మైకు తిప్పారు. ఒకాయనకు నీలం కాంతి కనబడిందట. ఒకావిడ గాల్లో తేలారట. నా వంతు వచ్చింది. "పది దాకా శ్వాసలు లెక్కపెట్టమన్నారు, నాలుగు దాటలేకపోయాను. మిగతా సేపంతా కాలు నొప్పి, ఆఫీసు పని" అని ఉన్నదే చెప్పాను. వాలంటీర్ గారు మైకు అందుకుని, నా వైపు చూడకుండానే, "అహం ఉన్నవాళ్లకు ఇలాగే అవుతుంది" అన్నారు. నా పక్కన కూర్చున్నతను కొంచెం దూరం జరిగాడు కూడా.

ఇంటికొచ్చి ఆ కోపంలోనే చదవడం మొదలుపెట్టాను. కోపమొస్తే నాకు చదువు బాగా ఎక్కుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆయన మాటకు ముందొకసారి వెనకొకసారి తలుచుకునే పతంజలి, తన యోగసూత్రాల్లో ఆసనం ఎలా ఉండాలో చెప్పింది రెండే మాటలు: స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. అమెరికాలో 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కేంద్రంలో ధ్యానం నేర్పడం మొదలుపెట్టింది దీర్ఘకాలం నొప్పులతో బాధపడే రోగులకే. వాళ్లందరినీ నేల మీద కూలేస్తే కుదిరే పనేనా? ఇక మనసు నిలవకపోవడం అంటారా, 2010లో వచ్చిన ఒక హార్వర్డ్ అధ్యయనంలో జనం మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 47 శాతం చేస్తున్న పని మీద కాక వేరే ఆలోచనల్లో ఉన్నట్టు తేలింది. అందరికీ అహమేనా మరి?

మానేద్దామనే అనుకున్నాను. ఆ మరుసటి వారం అసలు టీచర్ వచ్చారు, ఆవిడ వేరే మనిషి. వస్తూనే "కుర్చీలు ఎవరికి కావాలి?" అని అడిగారు. సగం హాలు చేతులెత్తింది. మొన్న పగలబడి నవ్వినవాళ్లు కూడా! వీపు ఆనించకుండా కుర్చీ అంచుకు జరిగి, పాదాలు రెండూ నేలకు ఆనించి, తుంటి మోకాళ్ల కంటే కాస్త ఎత్తులో ఉండేలా కూర్చోమన్నారు. శ్వాసనే గమనిస్తుంటే గుండెదడ పెరిగితే కళ్లు తెరిచి, పాదాల మీదికో బయటి చప్పుళ్ల మీదికో దృష్టి మార్చమన్నారు. లెక్క నాలుగు దగ్గర తప్పిపోతోందని నేను చెబితే, "తప్పిందని తెలిసింది కదా, చేయాల్సిన సాధన అదే. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి" అన్నారు.

కొత్తగా చేరేవాళ్లు ముందు టీచర్ ఎవరో కనుక్కోండి. వాలంటీర్ల మాట అసలు పట్టించుకోకండి. మైకు మీ దగ్గరికొస్తే పక్కవాళ్లకు ఇచ్చేయండి, కాంతులు చూసినవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. నిద్ర సంగతి అడిగితే, ఒక్కోరోజు పడుతోంది, ఒక్కోరోజు లేదు. వచ్చే వారం నడక ధ్యానం నేర్పుతారట, దానికైనా కుర్చీ గొడవ ఉండదు.