బంతి కాలి దగ్గర లేనప్పటి ఆట: పార్క్ జీ సంగ్

హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి సాయంత్రం పూట ఫుట్‌బాల్ ఆడడానికి వచ్చే పిల్లల్లో దాదాపు అందరికీ ముందు వరుసలోనే ఆడాలని ఉంటుంది. మధ్యలో ఆడమంటే ముఖం ముడుచుకుంటారు. మా అక్క కొడుకూ వారిలో ఒకడే. దక్షిణ కొరియా మిడ్‌ఫీల్డర్ పార్క్ జీ సంగ్ గురించి నేను చెప్పడం మొదలుపెట్టగానే వాడు అడిగిన మొదటి ప్రశ్న, “మామా, ఆయన ఎన్ని గోల్స్ కొట్టిండు?” అని. ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ తరఫున 205 మ్యాచ్‌లలో 27 అన్నాను. “గంతేనా?” అన్నాడు. ఆ అంకె వెనుక ఎంత ఆట ఉందో వాడికీ, వాడి వయసు పిల్లలకు ఆట నేర్పుతున్న మన ఓరుగల్లు మిత్రులకూ వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

సువన్ నగరంలో పెరిగిన పార్క్ చిన్నప్పుడు బక్కపలుచగా ఉండేవాడు. శరీరం చాలదని కొరియా వృత్తి క్లబ్బులు అతన్ని తీసుకోలేదు. మ్యోంగ్జి విశ్వవిద్యాలయంలో చేరి ఆడుతూ, 2000లో జపాన్‌లోని క్యోటో పర్పుల్ సంగా క్లబ్బుకు వెళ్లాడు. ఆ ఏడాదే ఆ జట్టు రెండో శ్రేణికి పడిపోయింది, మరుసటి ఏడాది గెలిచి పైకి వచ్చింది. 2003 జనవరి 1న జరిగిన ఎంపరర్స్ కప్ ఫైనల్లో కషిమా యాంట్లర్స్ మీద క్యోటో 2–1తో గెలిచినప్పుడు, స్కోరు సమం చేసిన గోల్ పార్క్‌దే.

అప్పటికే ప్రపంచమంతా అతన్ని చూసింది. 2002 ప్రపంచకప్‌లో, జూన్ 14న కొరియాలోని ఇంచాన్‌లో పోర్చుగల్‌తో ఆడిన మ్యాచ్ 70వ నిమిషంలో సహచరుడు లీ యంగ్ ప్యో ఎడమవైపు నుంచి బంతిని ఎత్తి పంపాడు. పార్క్ దాన్ని ఛాతీతో ఆపి, నేలను తాకకముందే కుడికాలితో పైకి లేపి, మీదికి వస్తున్న డిఫెండర్‌ను తప్పించి, అది కిందికి దిగుతుండగా ఎడమకాలితో గోల్‌కీపర్ కాళ్ల మధ్య నుంచి లోపలికి కొట్టాడు. ఛాతీ, కుడికాలు, ఎడమకాలు: మూడే స్పర్శలు. ఆ గోల్‌తో పోర్చుగల్ ఇంటిదారి పట్టింది. కొరియా సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. గోల్ కొట్టగానే అతను పరుగెత్తుకుంటూ వెళ్లి కోచ్ గుస్ హిడింక్‌ను వాటేసుకున్న దృశ్యం కొరియాలో నేటికీ చెప్పుకుంటారు.

హిడింక్ వెంటే 2003లో నెదర్లాండ్స్‌లోని పీఎస్‌వీ ఐండ్‌హోవెన్‌కు వెళ్లిన పార్క్‌కు మొదట్లో గౌరవం దక్కలేదు. మోకాలి గాయంతో ఆట కుదురుకోకపోవడంతో సొంత అభిమానులే అతన్ని గేలి చేశారు. అతను మాత్రం ఆటతోనే బదులిచ్చాడు. యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో, 2005 సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో ఇటలీ జట్టు ఏసీ మిలన్ మీద 9వ నిమిషంలోనే గోల్ కొట్టాడు. పీఎస్‌వీ 3–1తో గెలిచినా, రెండు మ్యాచ్‌ల గోల్స్ సమమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే ముందుకు వెళ్లే అప్పటి నియమం వల్ల ఫైనల్ చేరలేకపోయింది. గేలి చేసిన ఆ అభిమానులే అతని పేరు మీద పాట కట్టి పాడారు. ఆ వేసవిలోనే మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ అతన్ని మాంచెస్టర్ యునైటెడ్‌కు తీసుకువెళ్లాడు.

అక్కడ అతను చేసిన పని, చెరువు కింద ఆయకట్టులో రాత్రంతా గట్ల మీద తిరుగుతూ ఏ మడికి నీరు అందిందో, ఎక్కడ గండి పడిందో చూసుకునే మనిషి పని లాంటిది. 2010 మార్చి 10న ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మిలన్‌తో ఆడిన మ్యాచ్ చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. మిలన్ ఆట అంతా ఆంద్రియా పిర్లో కాళ్ల నుంచే మొదలయ్యేది. అతన్ని వదలకుండా వెంటాడే బాధ్యతను ఫెర్గూసన్ పార్క్‌కు అప్పగించాడు. పిర్లో బంతి అందుకోవడానికి తిరిగేసరికి 13వ నంబరు చొక్కా ఎదురుగా ఉండేది. బంతి అటువైపు రాకముందే దారి మూసుకుపోయేది. యునైటెడ్ 4–0తో గెలిచింది, అందులో ఒక గోల్ పార్క్‌ది కూడా. మన దగ్గర శిక్షణ ఇచ్చేవారు ఈ మ్యాచ్‌ను పిల్లలకు చూపించి, బంతిని వదిలి పార్క్‌నే గమనించమని చెబితే బాగుంటుంది. బంతి పోగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయే అలవాటు మన పిల్లల్లో చాలామందికి ఉంది.

ఇంతటి ఆటగాడికి జరిగిన అన్యాయం ఒకటి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2008 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో బార్సిలోనాతో రెండు మ్యాచ్‌లూ పూర్తిగా ఆడిన పార్క్‌కు, మే 21న మాస్కోలో జరిగిన ఫైనల్లో బెంచీ మీద కూడా చోటు దక్కలేదు. ఆ రాత్రి యునైటెడ్ కప్పు గెలిచింది, అతను సూటు వేసుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ నిర్ణయం గురించి ఫెర్గూసన్ తర్వాతి కాలంలో బహిరంగంగానే విచారం వ్యక్తం చేశాడు. మరుసటి ఏడాది రోమ్ ఫైనల్లో మొదటి పదకొండు మందిలోనే దిగి, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన తొలి ఆసియా ఆటగాడయ్యాడు. 2011లో వెంబ్లీలోనూ ఆడాడు. ఆ రెండింటిలోనూ గెలిచింది బార్సిలోనానే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ టైటిళ్లు నాలుగు మాత్రం అతని ఖాతాలో ఉన్నాయి.

దేశం తరఫున 2002, 2006, 2010 ప్రపంచకప్‌లు మూడింటిలోనూ గోల్స్ కొట్టాడు. 2010లో కెప్టెన్‌గా గ్రీస్ మీద కొట్టిన గోల్ అతని స్వభావానికి అచ్చమైన నమూనా: ప్రత్యర్థి డిఫెండర్ దగ్గర బంతిని లాక్కుని, ఒంటరిగా దూసుకెళ్లి కొట్టాడు. అయితే అంత పరుగుకు మూల్యం మోకాలు చెల్లించింది. 2007లో పెద్ద శస్త్రచికిత్స జరిగింది. 2011 ఆసియా కప్ సెమీఫైనల్లో జపాన్‌తో వందో అంతర్జాతీయ మ్యాచ్ ఆడి, ఇంకా ముప్పై నిండకుండానే జాతీయ జట్టుకు వీడ్కోలు పలికాడు. 2012లో క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కు వెళ్లి కెప్టెన్‌గా ఉన్న ఏడాది ఆ జట్టు కింది శ్రేణికి పడిపోయింది. దాని గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. చివరి సీజన్ తిరిగి పీఎస్‌వీలోనే ఆడాడు. మోకాలు ఇక సహకరించదని తెలిశాక, 2014 మే 14న, 33 ఏళ్ల వయసులో, తాను పెరిగిన సువన్‌లోనే రిటైర్మెంట్ ప్రకటించాడు.